విశ్వేశ్వరరావుగారి దక్షిణ ద్వారం

కెనడాలో ఒషావా నుంచి మార్కమ్ దాకా ఇల్లు కొనాలనుకున్న తెలుగువాళ్లు బ్యాంకు కంటే ముందు విశ్వేశ్వరరావుగారిని అడిగేవారు. ఇంటి ప్లాను వాట్సాప్‌లో పంపితే చాలు. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పావుగంటలో ఒక్క మాట రాసేవారు. "కొనండి" అనో, "వద్దు" అనో. ఎందుకని అడిగితే ఫోన్ చేసి ముప్పావుగంట వివరించేవారు కాబట్టి తెలిసినవాళ్లెవరూ ఎందుకని అడిగేవారు కారు. ఇంత చేసినా ఎవరి దగ్గరా ఒక్క డాలర్ పుచ్చుకోలేదు. కాఫీ ఇస్తే తాగేవారు, అంతే. ఇళ్లమ్మే ఏజెంట్లు మాత్రం ఆయన పేరు వింటేనే తల పట్టుకునేవారు. కుదిరిందనుకున్న బేరం ఆయన రాసిన ఒక్క ముక్కతో చెడిపోయేది మరి.

ఆయనది నరసరావుపేట. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పద్దెనిమిదేళ్లు కాలువల బొమ్మలు గీశారు. కెనడా వచ్చాక వాన్ అనే ఊళ్లో ఒక గోడౌన్‌లో పెట్టెలు స్కాన్ చేశారు. తరవాత ఒషావాలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో కొలతలు సరిచూసే పనిలో చేరి, నిరుడు అక్కడే రిటైరయ్యారు. వాస్తు ఆయనకు మేనమామ నేర్పిన విద్య. జేబులో ఎప్పుడూ ఒక స్టీలు టేపు, ఒక దిక్సూచి ఉంటాయి. "మా ఆయన పెళ్లిచూపుల్లో నన్ను కూడా కొలిచే ఉంటారు, పైకి చెప్పలేదంతే," అని భార్య లక్ష్మీకాంతం నలుగురిలో అనేది. ఆయన్ని ఎన్నయినా అనొచ్చు గాని ఒకటి ఒప్పుకోవాలి. టేపు మీద ఏ అంకె కనిపిస్తే ఆ అంకే చెప్పే మనిషి. ఫ్యాక్టరీలో పైవాళ్లు బతిమాలినా, బెదిరించినా, వెంట్రుకవాసి తేడా ఉన్న సరుకు బాగుందని ఏనాడూ సంతకం పెట్టలేదు. అలాంటి మనిషితో కాపురం కష్టం, ఉద్యోగం కష్టం. కాని ఊరికి ఒక్కరైనా అలాంటివారు ఉండాలి.

ఆయన అన్ని నియమాల్లోకీ గట్టిది దక్షిణ ద్వారం సంగతి. సింహద్వారం దక్షిణానికి ఉందంటే అది యముడి దిక్కు, ఆ ఇంటికి దణ్ణం పెట్టి వచ్చేయాల్సిందే. తెలియక ముందే కొనేసినవాళ్లకు ఆయన ఒక ఉపాయం చెప్పేవారు: వీధి తలుపు మూసేయండి, గరాజ్ పక్కనున్న తలుపులోంచి తిరగండి. అలా ఆ చుట్టుపక్కల కొన్ని తెలుగు ఇళ్లకు వీధి తలుపు ఉండీ లేనట్టే. పార్సిల్ తెచ్చినవాడు బెల్లు కొట్టి కొట్టి, చివరికి పక్క సందులోంచి నడిచి వచ్చే ఇంటావిడను చూసి బిత్తరపోతాడు. ఫ్యాక్టరీలో ఆయనతో పనిచేసిన భీమారావు ఇల్లు అలాంటిదే. భీమారావుకు ఆయన గురువుగారు. గురువుగారు చెప్పారని తొమ్మిదేళ్ల కిందట వీధి తలుపు మూసేశాడు, మళ్లీ తెరవలేదు.

ఈ ఫిబ్రవరిలో ఆ భీమారావే ఫోన్ చేశాడు.

"గురువుగారూ, మా మేనల్లుడు మహీధర్ ఒషావాకి పైన పొలాల్లో ఐదెకరాలు కొన్నాడండీ. దాంట్లో ఎప్పటిదో పాత కొంప ఉంది. ఈస్ట్ ఫేసింగ్ అని చూసి, మీక్కూడా చెప్పకుండా ఆఫర్ పెట్టేశాడు. ఇప్పుడు మొగుడూ పెళ్లాలకి పడట్లేదు. వాడు కూల్చి కొత్తది కడతానంటాడు, అమ్మాయి ఉంచుదామంటుంది. మీరేం చెబితే అదే చేస్తామని ఇద్దరూ ఒప్పుకున్నారు. శనివారం ఒకసారి రండి."

శనివారం మధ్యాహ్నం విశ్వేశ్వరరావుగారు, లక్ష్మీకాంతం వెళ్లేసరికి భీమారావు, అతని భార్య రత్నకుమారి అప్పటికే అక్కడున్నారు. మంచు కప్పిన పొలం మధ్య ఆ ఇల్లు పొట్టిగా, వెడల్పుగా, చూరు కిందికి దించుకుని కూర్చుని ఉంది. ఇంగ్లండు పల్లెల్లో కట్టుకునే కాటేజీ పద్ధతి. అటకకు చిన్న కిటికీ, కింద లోతైన కిటికీలు, ఉత్తరాన గాలికి అడ్డంగా చెట్ల వరస. తూర్పున రోడ్డు. రోడ్డు వైపు చెక్కతో కట్టిన వసారా, అందులోంచి ఇంట్లోకి తలుపు. ఆ తలుపు పైమూల నుంచి అటక కిటికీ దాకా గోడ నెర్రె విచ్చింది. నెర్రెలో పిడికిలి దూరుతుంది.

మహీధర్ మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. తొందర మనిషి. "చూశారుగా అంకుల్. కాంట్రాక్టర్ వచ్చి చూశాడు. ఈ గోడ బయటికి వాలుతోంది, రెండేళ్లకి మించి నిలవదు, డెమాలిష్ చేసేయమన్నాడు. మార్చి మూడో వారానికి మెషిన్ బుక్ చేశా. ఇదే ఈస్ట్ ఫేసింగ్‌లో పెద్దిల్లు కట్టుకుంటాం."

అతని భార్య కావ్యశ్రీ వరంగల్ పిల్ల. "పెద్దిల్లు కడితే ఊడ్చేదెవరు అంకుల్? నాకు ఇదే మంచిగనిపిస్తుంది. బయట మైనస్ పదిహేనున్నా లోపల గోడ మీద చెయ్యి పెడితే చల్లగ కొట్టదు. ఇన్నేండ్లు నిలబడ్డ ఇల్లు, మనం వచ్చినంక కూలుడేంది?"

"కొలిచి చెబుతానమ్మా," అన్నారు విశ్వేశ్వరరావుగారు.

కొలవడం మొదలుపెడితే ఆయనకు చుట్టూ మనుషులు కనబడరు. లోపల నాలుగు గోడలూ కొలిచారు. బయట మోకాలి లోతు మంచులో దిగి నాలుగు వైపులా కొలిచారు. లెక్క కుదరలేదు. లోపలి కొలతకు గోడల మందం తొమ్మిదేసి అంగుళాలు కలిపితే బయటి కొలతకు రెండున్నర అడుగులు తక్కువొచ్చింది. తన పొరపాటేమోనని మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే వచ్చింది. అప్పుడు కిటికీ తెరిచి గోడ మందం చూశారు. రెండడుగులు. ఇటుక గోడను ఇంత చిన్న ఇంటికి రెండడుగుల మందాన ఎవరూ కట్టరు. నెర్రె దగ్గరికి వెళ్లి వేలు పెట్టి గీకారు. వేలికి మట్టి అంటింది. మట్టిలో గడ్డిపరక, ఇంకా పసుపు రంగు పోలేదు.

"మట్టిగోడ," అన్నారు, గొంతు తగ్గించి.

ఎవరో మట్టినీ గడ్డినీ కలిపి కాళ్లతో తొక్కి, రాతి పునాది మీద ఒక వరస వేసి, అది ఆరేదాకా ఆగి, పైన ఇంకో వరస వేసి, అలా ఓపిగ్గా లేపిన గోడలవి. నీటిపారుదల శాఖలో ఉన్నప్పుడు కట్టల పక్కన ఇలాంటి గోడలు ఆయన ఎన్నో చూశారు. ఇంత చలిదేశంలో చూస్తానని కలలో కూడా అనుకోలేదు. అటక ఎక్కి టార్చి వేశారు. కింది వాసాలు గొడ్డలితో చెక్కినవి, పైవి రంపంతో కోసినవి. అంటే కుటుంబం పెరిగాక కప్పు ఒకసారి లేపారన్నమాట. వెనక వంటకొట్టు ఆ తరవాతిది. దాని చెక్కలకు మిషను మేకులు. బయట గోడలకు మాత్రం ఎవరో ఈ మధ్యకాలంలోనే సిమెంటు పూశారు.

"మట్టిగోడకు సిమెంటు పూయడమంటే చెమట పట్టినవాడికి రెయిన్‌కోటు తొడగడం. లోపలి తడి ఎటు పోతుంది?" అని, అక్కడ లేని ఆ తెలివైనవాడి మీద కాసేపు కోప్పడ్డారు. అందరూ తామే ఆ పని చేసినట్టు తలలు దించుకున్నారు.

అంతలో గది లోపల ఆయన కన్ను దక్షిణపు గోడ మీద పడింది. రెండు కిటికీలు సమానమైన ఎడంతో ఉన్నాయి. మధ్యలో గోడలోకి కట్టిన అలమర ఒకటి. ఇంటికి ముఖంలా ఉన్న ఆ వైపు ఎవరూ రాని పొలానికి ఎదురుగా ఉంది. రోడ్డు చూస్తే తూర్పున. ఎవరూ రాని వైపుకు ఇంటి ముఖం ఎందుకు పెట్టారు? అలమర తెరిచి వెనక చెక్క మీద వేళ్లతో తట్టారు. బోలుగా మోగింది. కొలిచారు. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. చీపుళ్లూ సీసాలూ పెట్టుకోవడానికి అంత కొలతతో అలమర ఎవరూ చేయించుకోరు.

ఆయన బయటికి నడిచి, కారు మీద మంచు దులిపే బ్రష్షు తెచ్చి, ఆ గోడ కింద తవ్వడం మొదలుపెట్టారు. అడుగున్నర మంచు కింద ఒక బల్లపరుపు రాయి బయటపడింది. మధ్యలో అరిగి గుంట పడింది. టేపు అడ్డంగా పెట్టి లోతు చూశారు. ముప్పావు అంగుళం. రాయి అంత అరగాలంటే దాని మీద ఎన్ని కాళ్లు, ఎన్నేళ్లు నడిచి ఉండాలి!

పక్క పొలంలో ఉండే ఎడిత్ అనే ఎనభై నాలుగేళ్ల పెద్దావిడ, మంచులో ఎవరో బ్రష్షుతో తవ్వుతున్నారేమిటా అని చేతికర్ర పట్టుకుని వచ్చింది. రాయిని చూసి ఆవిడ ముఖం వెలిగిపోయింది. తన నాయనమ్మ ఈ ఇంట్లోనే పుట్టిందట. ఆ నాయనమ్మ తాత ఇంగ్లండులో డెవన్ అనే ప్రాంతం నుంచి వచ్చాడట. అక్కడివాళ్లకు మట్టితో కట్టుకోవడం అలవాటు, ఇక్కడా అలాగే కట్టాడట. చలికాలం తలుపు తెరవగానే ఎండ ఒళ్లో పడాలని గుమ్మం దక్షిణానికి పెట్టాడట. ఆ ఒక్క గదిలో పదకొండుమంది పిల్లలు పెరిగారు. చుట్టుపక్కల ఇళ్లలో పసిపిల్లలు చలికాలాల్లో పోతుండేవారు, ఈ ఇంట్లో పదకొండుమందీ బతికారు. తరవాత తూర్పున రోడ్డు పడింది, కార్లు వచ్చాయి. కారు దిగిన ఆడవాళ్ల బూట్లకు బురద అంటకుండా తూర్పుగోడ కోసి తలుపు పెట్టారు, పాత గుమ్మం మూసి అలమర చేశారు. ఇదంతా ఎడిత్ నవ్వుతూ చెప్పింది. విశ్వేశ్వరరావుగారు నవ్వలేదు.

ఆయన లోపలికొచ్చి గది మధ్యలో నిలబడ్డారు. మధ్యాహ్నపు ఎండ దక్షిణపు కిటికీలు రెండింట్లోంచీ ఏటవాలుగా వచ్చి, గది దాటి, ఎదుటి గోడ మీద పడుతోంది. మధ్యలో అలమర నీడ. ఆ నీడ ఉన్నచోట తలుపు ఉండాలి.

ఆయనకు లెక్క తేలిపోయింది. గోడ వాలడానికి కారణం ముసలితనం కాదు. బరువు మోసే మట్టిగోడను తూర్పున కోసి, పైన సరైన దూలం లేకుండా తలుపు పెట్టారు. నెర్రె పుట్టింది సరిగ్గా ఆ తలుపు మూల నుంచే. ఇల్లు బతకాలంటే తూర్పు తలుపు మూసి మట్టితో పూడ్చాలి, దక్షిణ ద్వారం తెరవాలి. అంటే ఇరవై రెండేళ్లుగా ఆయన ఊరూరా చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఆ మాట చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే మార్చిలో ఇల్లు పోతుంది.

"కారులో కళ్లజోడు మరిచిపోయాను," అని బయటికి వెళ్లి కారెక్కి కూర్చున్నారు. కళ్లజోడు నుదుటి మీదే ఉంది. లక్ష్మీకాంతం వెనకాలే వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"ఈ ఇంటికి ప్రాణం దక్షిణ ద్వారం, కాంతం," అన్నారాయన.

"అయితే వెళ్లి ఆ ముక్క చెప్పండి."

"చెబితే ఇన్నాళ్లూ నేను చెప్పిందేమవుతుంది? నా మాట విని తలుపులు మూసుకున్నవాళ్లకి ఏ మొహం చూపించను?"

లక్ష్మీకాంతం సీటు బెల్టు పెట్టుకోలేదు, ఇంటికి పోదామనీ అనలేదు. "ఫ్యాక్టరీలో వెంట్రుకవాసి తేడా వదల్లేదు మీరు. అందుకే రెండుసార్లు ప్రమోషన్ పోయింది, నేనేమన్నా అన్నానా? ఇక్కడ తలుపంత తేడా వదిలేస్తారా?"

ఆయన కాసేపు స్టీరింగ్ పట్టుకుని కూర్చుని, దిగి లోపలికి నడిచారు. గొప్పవాళ్లు గొప్పపనులు చేసేటప్పుడు ఎలా నడుస్తారో తెలియదు గాని, ఆయన మాత్రం పరీక్ష తప్పిన కుర్రాడిలా నడిచారు. నడిచారు కదా, అది చాలు.

గోడ సంగతి, కోసిన తలుపు సంగతి, ఏం మూయాలో ఏం తెరవాలో అంతా వరసగా చెప్పారు. "నేను ఇంజనీర్ని కాను బాబూ. మట్టి ఇళ్లు తెలిసిన ఇంజనీర్ని పిలిపించి నా మాట సరిచూసుకో. కాని నా కొలతలో తేడా ఉండదు."

మహీధర్ నోరెళ్లబెట్టాడు. "సౌత్ ఫేసింగా అంకుల్? మీరేనా ఈ మాట చెప్పేది?"

"నేనే. శాస్త్రం తప్పని నేననను. అది పుట్టినచోట ఎండంటే భయపడాలి. ఇక్కడ ఎండ కోసం పడిగాపులు కాయాలి. ఇరవై రెండేళ్లు ఈ దేశంలో ఉండి దిక్సూచి చూశాను గాని సూర్యుడు ఎటు తిరుగుతున్నాడో చూళ్లేదు. తప్పు నాది."

భీమారావు గొంతు సవరించుకున్నాడు.

"మరి మా తలుపు, గురువుగారూ?"

విశ్వేశ్వరరావుగారు ఎదురుచూసిన ప్రశ్నే, భయపడిన ప్రశ్నే. ఆయన చూపు రత్నకుమారి కుడిచేతి మీదికి పోయింది. రెండేళ్ల కిందట జనవరిలో ఆమె గరాజ్ పక్క మెట్టు మీద జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సందులోకి ఎండ రాదు, అక్కడి మంచు ఏప్రిల్ దాకా రాయిలా ఉంటుంది. ఎముక అతికింది గాని ఈనాటికీ ఆ చేత్తో చపాతీ ఒత్తలేదు. ఆయన కమలాపళ్లు పట్టుకుని ఆస్పత్రికి వెళ్లి, గ్రహస్థితి బాగాలేదమ్మా అని ఓదార్చి వచ్చారు కూడా.

"మీ తలుపు మూయించడం నా తప్పే, భీమారావ్. ఆవిడ చెయ్యి విరిగిన పాపంలోనూ నాకు భాగముంది."

భీమారావు లేచాడు. కోటు తొడుక్కుని, జిప్పు పైకి లాగి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్లిపోయాడు. రత్నకుమారి అతని వెనకే వెళ్లింది. కారు వెళ్లిపోయిన చప్పుడు అందరికీ వినిపించింది.

మహీధర్ కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. "అంకుల్, మీరంటే నాకు గౌరవమే. కాని నిన్నొకటి, ఇవాళొకటి అంటే నేను దేన్ని పట్టుకోవాలి? మా మామయ్య తొమ్మిదేళ్లు మీ మాట మీద నడిచాడు. ఆయన మీ మాట నమ్మి ఆ తలుపు తెరిస్తే నేనూ ఇంజనీర్ని పిలుస్తా, మెషిన్ కాన్సిల్ చేస్తా. ఆయన తెరవకపోతే మాత్రం నేను రిస్క్ తీసుకోలేను."

కావ్యశ్రీ రెండు చేతులూ గోడకు ఆనించి నిలబడింది.

మర్నాడు ఆదివారం తొమ్మిదింటికల్లా విశ్వేశ్వరరావుగారు పార తీసుకుని భీమారావు ఇంటికి చేరారు. గరాజ్ వైపుకు పోలేదు. వీధి తలుపు ముందు మెట్ల మీద మంచు గట్టిగా పేరుకుని ఉంది. వాడని మెట్లను ఎవరు శుభ్రం చేస్తారు? ఆయన పై మెట్టు నుంచి పని మొదలుపెట్టారు. అరవై మూడేళ్ల నడుము మధ్యమధ్య ఆగమంటూనే ఉంది. మేడ మీద కిటికీ తెర ఒకసారి కదిలి ఆగిపోయింది. ఆయన చూసీ చూడనట్టు ఉప్పు చల్లి, కింది మెట్టు దాకా తుడిచి, బెల్లు కొట్టారు. మోగలేదు. అదీ ఎప్పుడో పాడైపోయినట్టుంది. తలుపు మీద చేత్తో తట్టారు.

"భీమారావ్, మీరు నన్ను లోపలికి రానీయక్కర్లేదు. నా మీద కోపం పోనక్కర్లేదు. ఈ తలుపు మాత్రం తెరుచుకోండి. ఆవిడ ఇంకోసారి ఆ సందులోంచి నడవకూడదు."

ఆయన అక్కడే నిలబడ్డారు. వాకిట్లో ఆపిన కారులోంచి లక్ష్మీకాంతం రమ్మని పిలవలేదు. చలికి మీసం మీద మంచు పట్టింది. పదిన్నర దాటాక లోపల ఏదో బరువైనది నేల మీద ఈడుస్తున్న చప్పుడైంది. తరవాత తలుపు సందులకు అంటించిన టేపును చర్రుమని పీకుతున్న చప్పుడు, వెంటనే భీమారావు గొంతు.

"నీ చెయ్యి జాగ్రత్త. తప్పుకో, నేను లాగుతా."

తలుపు బిగుసుకుపోయి ఉంది. లోపలి నుంచి భీమారావు లాగాడు, బయటి నుంచి విశ్వేశ్వరరావుగారు భుజంతో తోశారు. మూడో తోపుకు అది విడిపోయి, ఆయన దాదాపు బోర్లాపడబోయి భీమారావు చేతుల్లో ఆగారు. ఆయన వెనకే ఎండ లోపలికి వచ్చింది. హాలు దాటి, వంటింటి గడప దాకా పరుచుకుంది. పక్కకు జరిపిన చెప్పుల బీరువా మీద దుమ్ము కూడా మెరిసింది. రత్నకుమారి తన ఇంట్లో తనే కొత్తగా వచ్చినట్టు ఆ వెలుగులో నిలబడి చుట్టూ చూసుకుంది.

భీమారావు ఆయన్ని నిలబెట్టి వదిలేశాడు. ముఖం వంక చూడలేదు. ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఒరే మహీ, తలుపు తీశాను. ఆ మెషిన్ వాడికి వద్దని చెప్పెయ్." అవతలి నుంచి కావ్యశ్రీ ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి గుమ్మం దాకా వినిపించింది. విశ్వేశ్వరరావుగారు ముఖం వీధి వైపు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నారు.

"అన్నయ్యగారూ," అంది రత్నకుమారి. "ఇలాంటి తలుపులు మొత్తం ఎన్ని మూయించారు?"

ఆయన తడుముకోలేదు. "పదిహేడమ్మా."

"అయితే ఇంకా పదహారున్నాయి. లోపలికి రండి, ముందు కాఫీ తాగండి. నేనూ వస్తాను మీతో. మీరు చెబితే నమ్మనివాళ్లకి నా చెయ్యి చూపిద్దాం."